హైవే అంచు కాదు, బండ్ల బాట: మద్నూర్‌లో పరుగుకు మంచి దారి వెతుక్కోవడం ఎలా?

ఫజర్ అజాన్ అయిపోయి ఇంకా పూర్తిగా తెల్లవారని వేళ. 161వ నంబర్ జాతీయ రహదారి అంచున కుర్రాళ్లు ఉరుకుతుంటారు. సంగారెడ్డి నుంచి మద్నూర్, నాందేడ్ మీదుగా అకోలా పోయే రోడ్డు ఇది. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర. రాత్రంతా లారీ నడిపిన డ్రైవర్‌కు కళ్లు మూతలు పడేది సరిగ్గా ఆ సమయంలోనే.

సరిహద్దు మండలాల్లో పరుగు అంటే షోకు కాదు, ఉద్యోగం. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగ అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆడ అభ్యర్థులకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. అగ్నివీర్ ర్యాలీలో అయితే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో ముగించినవారికే పరుగులో పూర్తి మార్కులు. రాత పరీక్షకు కోచింగ్ సెంటర్లు ఉన్నాయి, మైనారిటీస్ స్టడీ సర్కిల్, బీసీ స్టడీ సర్కిల్ ఉన్నాయి. పరుగుకు మాత్రం ఎవరి దారి వారే చూసుకోవాలి. సింథటిక్ ట్రాక్ ఊళ్లో లేదు కాబట్టి కనిపించిన నున్నటి రోడ్డు ఎక్కేస్తున్నారు.

నిజానికి మద్నూర్ లాంటి ఊరి చుట్టూ రెండు కిలోమీటర్ల లోపే పరుగుకు పనికొచ్చే బాటలు ఉంటాయి. వాటిని ఎలా గుర్తించాలి, ఏ కాలంలో ఏది వాడాలి, దేనికి జాగ్రత్త పడాలి అన్నదే తెలియాలి.

హైవే ఎందుకు వద్దు?

హైవే మీద ఉరకడానికి కుర్రాళ్లకు రెండు కారణాలు ఉంటాయి. రోడ్డు సమంగా ఉంటుంది, రాళ్లు చూసి ఎంత దూరం వచ్చామో లెక్క తెలుస్తుంది. కానీ నష్టాలు ఎక్కువ. నాలుగు వరుసల రోడ్డు మీద బండ్ల వేగం ఎక్కువ. ముదురు రంగు టీషర్టు వేసుకున్న మనిషి డ్రైవర్‌కు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఎదురు వచ్చే బండ్లను చూస్తూ కుడి అంచున ఉరికినా, రాంగ్ రూట్‌లో వెనకనుంచి వచ్చే బైకు కనబడదు. పత్తి, చెరకు సీజన్‌లో లోడు పక్కకు పొంగిన లారీలు, ట్రాక్టర్లు రోడ్డు అంచుదాకా ఆక్రమిస్తాయి.

ఇక రెండో నష్టం ఒంటికి. డాంబర్, సీసీ రోడ్లు గట్టివి. రోజూ వాటి మీదే ఉరికితే మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. కొత్తగా మొదలుపెట్టి, పాత బూట్లతో, వారం తిరక్కుండానే దూరం పెంచేవాళ్లకు ఇది మరీ తొందరగా వస్తుంది. పరీక్షకు నెల ముందు కాలు పట్టేస్తే అంతకుముందు చేసిన సాధన అంతా వృథా.

బాట వెతకడం: ముందు నక్ష, తర్వాత ఫోన్, ఆ తర్వాత కాళ్లు

దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ నక్ష ఉంటుంది. అందులో సర్వే నంబర్ల మధ్య నుంచి పోయే బండ్ల బాటలను, కాలిబాటలను చుక్కల గీతలతో చూపిస్తారు. ఊళ్లో 'నక్ష బాట' అనేది దీన్నే. నక్షలో ఉన్న బాట అందరిదీ, దాని మీద ఉరకడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నక్షలో లేకుండా ఒకరి పట్టా పొలంలోంచి పోయే బాట అయితే ఆ రైతును అడిగే వెళ్లాలి. ఊళ్లో పెద్దమనిషిని, పశువులు కాసే వాళ్లను అడిగితే ఏది ఏ బాటో చెప్పేస్తారు. "కాకా, ఈ బాట ఎక్కడిదాకా పోతది? వానకాలం నీళ్లు నిలుస్తయా?" అనే రెండు ప్రశ్నలు సరిపోతాయి.

తర్వాత ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తీసి శాటిలైట్ వ్యూ పెట్టుకోవాలి. చెరువు కట్ట, కాలువ గట్టు, శ్మశానం దారి, ఖబరస్తాన్ వెనక బాట, పక్క పల్లెకు పోయే మొరం రోడ్డు పైనుంచి స్పష్టంగా కనబడతాయి. వెళ్లిన దారినే తిరిగి రాకుండా చుట్టు తిరిగి ఊళ్లోకే వచ్చే దారి దొరికితే ఇంకా మంచిది. మధ్యలో కాలు మడతపడినా, ఆయాసం వచ్చినా ఏ పక్కకు నడిచినా ఇల్లు దగ్గరే.

మూడోది ముఖ్యం. ఏ బాట అయినా మొదటిసారి పగటిపూట నడిచి చూడాలి. గుంతలు, ముళ్లకంప, పొలం కంచె, కుక్కలున్న కొట్టం, సెల్ సిగ్నల్ అందని చోటు అప్పుడే తెలుస్తాయి. చూడని బాటలో చీకట్లో ఉరకవద్దు.

ఏ నేల ఎప్పుడు?

మద్నూర్, జుక్కల్, బిచ్కుంద ప్రాంతంలో నల్లరేగడి ఎక్కువ. పత్తికి, సోయాకు, కందికి అది బంగారం. పరుగుకు మాత్రం ఏడాదిలో కొన్ని నెలలే అనుకూలం. వాన పడితే నల్లమట్టి ఉబ్బి జిగురులా బూటుకు అంటుకుంటుంది, పది అడుగులకే ఒక్కో బూటు రెండు బూట్ల బరువు అవుతుంది. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చుతుంది. గడ్డి కప్పిన నెర్రెలో పాదం పడితే మడమ తిరిగిపోతుంది. వానలు తగ్గి నేల ఆరిన తర్వాత, దసరా దాటి శివరాత్రి దాకా ఉన్న కాలమే నల్లమట్టి బాటకు మంచి రోజులు.

మొరం బాట ఏడాది పొడుగూ పనికొస్తుంది. నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, కాలికి కొంచెం మెత్తగా తగులుతుంది. కొత్తగా పోసిన మొరంలో పెద్ద రాళ్లు ఉంటాయి. ట్రాక్టర్లు తిరిగి అణిగిన తర్వాతే ఎక్కాలి.

చెరువు కట్ట సమంగా ఉంటుంది. పైన నుంచి దూరం దాకా కనబడుతుంది, గాలి బాగుంటుంది. మిషన్ కాకతీయ పథకాన్ని 2015 మార్చిలో ఇప్పటి కామారెడ్డి జిల్లాలోనే, సదాశివనగర్ చెరువు దగ్గర మొదలుపెట్టారు. ఆ పథకంలో చాలా ఊళ్ల చెరువులకు పూడిక తీసి కట్టలు బలపరిచారు. అయితే 2025 ఆగస్టు చివర కుండపోత వానలకు జిల్లాలో చాలాచోట్ల రోడ్లు, కట్టలు దెబ్బతిన్నాయి. కట్ట మీద కోత పడిందా, తూము దగ్గర మట్టి జారిందా అన్నది చూసుకున్నాకే ఉరకాలి.

మహారాష్ట్రతో కలిసి తలపెట్టిన లెండి ప్రాజెక్టు కాలువలు మద్నూర్, బిచ్కుంద వైపు రావాల్సినవి. ఆ పని దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. తవ్విన చోట గట్టు చూసి మంచి బాట దొరికిందనుకోవచ్చు. కానీ తుమ్మ, ముళ్లకంప మొలిచిన గట్టు పరుగుకు పనికిరాదు. నలుగురు తిరిగే, శుభ్రంగా ఉన్న ముక్క వరకే వాడుకోవాలి. మంజీర ఒడ్డుకు పోయే దారుల్లో ఇసుక బండ్లు తిరుగుతాయి, పొద్దున్నే వాటితో పాటు ఉరకడం హైవే మీద ఉరకడం లాంటిదే.

చీకటి, తీగ, పాము, కుక్క

పొలం బాటల్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంటికి కనబడనిది. అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి కొందరు పొలం చుట్టూ కరెంటు తీగ పెడతారు. అది చట్టవిరుద్ధం, అయినా ఆగడం లేదు. తెలంగాణ పల్లెల్లో రైతులు, కూలీలు ఆ తీగలు తగిలి చనిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. అందుకే చీకట్లో పొలం గట్ల మీద అడ్డదారి పట్టవద్దు. వెడల్పాటి బండ్ల బాట మీదే ఉండాలి, పొలాల మధ్య బాట అయితే వెలుతురు వచ్చిన తర్వాతే మొదలుపెట్టాలి. తీగ కనబడితే ముట్టుకోకుండా కరెంటు ఆఫీసుకు, పంచాయతీకి చెప్పాలి.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఈ నేలలో మామూలే. టార్చి లేకుండా గడ్డి బాటలో అడుగు పెట్టవద్దు. కాటు పడితే గాటు పెట్టడం, బిగించి కట్టడం, మంత్రం కోసం తిరగడం ప్రాణం మీదికి తెస్తాయి. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆస్పత్రికి చేరాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఇస్తారు.

కుక్క వెంటపడితే ఉరకడం ఆపి, దాని వైపు తిరిగి నిలబడాలి. ఉరికేకొద్దీ తరుముతుంది. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి.

కొలత ఎలా?

హైవే మీద లెక్క తెలుస్తుందని ఉరికేవాళ్లకు దీనికి జవాబు సులువు. ఎకరానికి కొంచెం పైబడి ఖాళీ స్థలం ఉంటే నడుమ గుంజ పాతి, 32 మీటర్ల తాడు కట్టి, రెండో కొసతో సున్నం గీస్తూ చుట్టూ తిరగాలి. ఆ గీత చుట్టు దాదాపు 200 మీటర్లు. ఎనిమిది చుట్లు వేస్తే 1600 మీటర్ల పైనే. పోలీసు పరీక్షకు ఒక్కో చుట్టు 54 సెకన్లలో పడాలి, అగ్నివీర్‌కు 41 సెకన్లలో. ఆడపిల్లలకు నాలుగు చుట్లు, ఒక్కోటి 80 సెకన్లు. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ సమయాలు మారాయేమో ముందుగా చూసుకోవాలి.

అంత స్థలం లేకపోతే 16 మీటర్ల తాడుతో 100 మీటర్ల చుట్టు వస్తుంది. మలుపు ఎక్కువ కాబట్టి ఒకే పక్కకు తిరిగితే మోకాలు నొస్తుంది. సగం చుట్లు ఇటు, సగం అటు వేయాలి. 2022లో ఊరూరా మొదలుపెట్టిన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో కొన్ని గడ్డి మొలిచి పడి ఉన్నాయి. నలుగురు కలిసి గడ్డి కోసి గీత గీసుకుంటే అదే ట్రాక్.

వారం అంతా చుట్లే తిరగక్కర్లేదు. రెండు రోజులు గడియారం పెట్టుకుని చుట్ల మీద, మూడు రోజులు నింపాదిగా మొరం బాట మీద, మిగిలినవి నడక, విశ్రాంతి. దమ్ము పెరిగేది ఆ నింపాది పరుగులోనే. ఎత్తు ఎక్కే సాధన కావాలంటే జుక్కల్ మండలంలో కౌలాస్ కోట గుట్ట ఉంది. 1857లో ఇంగ్లీషువాళ్లకు ఎదురు తిరిగిన రాజా దీప్ సింగ్ కోట అది. చుట్టూ చెట్లు ఉంటాయి కాబట్టి ఒంటరిగా కాకుండా, పగటి వెలుతురులో, ఇంట్లో చెప్పి వెళ్లాలి. ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు అడవుల్లో చిరుత, ఎలుగుబంటి తిరుగుతాయి. అక్కడ అటవీ శాఖ వాళ్లను అడగకుండా లోపలి దారి పట్టవద్దు.

ఆడపిల్లలకు దారి

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగ్ గ్లవ్స్ తొడగక ముందు, తండ్రి జమీల్ అహ్మద్ వెంట మైదానానికి వెళ్లి పరుగే నేర్చుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ హోదా అందుకుంది. ఆమె కథలో మొదటి మెట్టు మైదానం. రెండోది, ఆ మైదానానికి తోడు వచ్చిన తండ్రి.

ఊళ్లో ఆడపిల్లకు పరుగు దారి దొరకకపోవడానికి కారణం నేల కాదు, చూపులు. హైవే అంచు, ఊరికి దూరంగా ఉన్న పొలం బాట రెండూ ఆమెకు పనికిరావు. స్కూలు, కాలేజీ మైదానం మంచిది. హెడ్‌మాస్టర్‌ను, ప్రిన్సిపల్‌ను తల్లిదండ్రులు కలిసి అడిగితే పొద్దున గంటసేపు గేటు తీయించడం కష్టం కాదు. ముగ్గురు నలుగురు అమ్మాయిలు కలిసి, ఒక ఇంటి అమ్మో, అన్నో, చాచానో అక్కడే నడుస్తూ ఉంటే నెల తిరిగేసరికి ఊరికి అలవాటైపోతుంది. హిజాబ్ వేసుకునేవాళ్లకు పిన్నులు లేని, తేలిక బట్టతో కుట్టినది, పూర్తి చేతుల కుర్తా, కాలికి అడ్డు తగలని పైజామా చాలు.

రంజాన్‌లో ఉపవాసం ఉన్నవాళ్లు మధ్యాహ్నం, సాయంత్రం ఎండలో దూరాలు ఉరకవద్దు. ఇఫ్తార్‌కు అరగంట ముందు నింపాదిగా కొద్ది చుట్లు వేస్తే, ముగిసిన వెంటనే నీళ్లు తాగవచ్చు. గట్టి సాధన ఇఫ్తార్ తర్వాత రెండు గంటలు ఆగి, లైట్లున్న చోట చేసుకోవాలి. తల తిరిగితే ఆపేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎవరైనా సరే, ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలి.

బాట మూసేస్తే?

మంచి బాట దొరకడం ఒక ఎత్తు, అది మిగలడం ఇంకో ఎత్తు. నక్ష బాటలు ఏటా కొంచెం కొంచెం దున్నుకుపోయి సన్నబడుతున్నాయి. కొన్నిచోట్ల కంచె పడింది. రైతుకు ఎడ్లబండి పోదు, పిల్లలకు పరుగు దారి ఉండదు, జనాజాకు, పాడెకు కూడా పక్క పొలం తొక్కాల్సి వస్తుంది. అలాంటప్పుడు నక్ష కాపీ జత చేసి తహసీల్దార్‌కు దరఖాస్తు ఇవ్వవచ్చు. గ్రామసభలో లేవనెత్తవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వవచ్చు. సర్వేయర్ వచ్చి కొలిస్తే బాట ఎంత వెడల్పో తేలుతుంది. పరుగు పిల్లలు ఒక్కరే అడిగితే వినకపోవచ్చు, రైతులతో కలిసి అడిగితే బరువు ఉంటుంది.

ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ బాట ఊరికి మిగులుతుంది. షుగర్ ఉన్న నాన్న ఫజర్ తర్వాత నడవడానికి, రేపు తమ్ముడు, చెల్లి ఉరకడానికి. హైవే అంచున ఉరికే కుర్రాడు రేపు పొద్దున ఒక్కరోజు ఉరకడం మానేసి, ఊరి చుట్టూ నడిచి చూస్తే మంచి బాట ఒకటి దొరకకపోదు.