బీపీ మాత్రతో.. అరుదుగా క్లోమానికి చేటు

కడుపునొప్పిని 'గ్యాస్' అని కొట్టిపారేయొద్దు
అలాగని మాత్రలు మానేస్తే అసలుకే మోసం

కర్నూలు, కడప: రాయలసీమ పల్లెల్లో బీపీ మాత్రల పొట్లం లేని ఇల్లు ఇప్పుడు అరుదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఊరికి వచ్చే 104 వాహనం వద్దనో తెచ్చుకున్న మాత్రలను గూట్లో పెట్టుకుని పొద్దున్నే ఒకటి మింగి పొలానికి వెళ్లేవారు ఎందరో. పక్షవాతం, గుండెపోటు ముప్పు నుంచి వారిని కాపాడుతున్నది ఆ మాత్రే. అయితే ఈ మందుల్లో కొన్ని రకాలు చాలా అరుదుగా, కొందరిలో మాత్రమే క్లోమ గ్రంథి వాపునకు దారితీస్తాయన్న సంగతి వాడేవారిలో చాలామందికి తెలియదు. వైద్యులు దీనినే పాంక్రియాటైటిస్ అంటారు.

జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ఆనుకుని జానెడు పొడవున ఉండే గ్రంథి క్లోమం. ఇన్సులిన్‌ను తయారుచేసేది ఇదే. రోజుకు లీటరుకు పైగా జీర్ణరసాన్ని చిన్నపేగులోకి పంపేదీ ఇదే. ఆ రసంలోని ఎంజైములు పేగులోకి చేరాక గానీ చురుకుదనం పొందవు. ఏ కారణం చేతనైనా అవి గ్రంథిలోనే మేల్కొంటే, అన్నాన్ని అరిగించాల్సిన రసం గ్రంథినే అరిగించడం మొదలుపెడుతుంది.

ఈ జబ్బుకు ప్రధాన కారణాలు పిత్తాశయంలో రాళ్లు, మద్యపానం. ఆ తర్వాత రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మితిమీరడం. మందుల వల్ల వచ్చేవి నూటికి ఐదు లోపే ఉంటాయని అంచనా. బీపీ మాత్రల వాటా అందులోనూ కొంత భాగమే.

ఏ మాత్రలతో..?

'నీళ్ల మాత్ర'లుగా జనం పిలుచుకునే మూత్రవర్ధకాలపై అనుమానం పాతదే. క్లోరోథయజైడ్ వాడుతున్న వారిలో క్లోమం వాపు కనిపించిందని 1959లోనే అమెరికా వైద్య పత్రికలో నివేదిక వెలువడింది. దాని తమ్ముడి వంటి హైడ్రోక్లోరోథయజైడ్ నేటికీ అనేక మిశ్రమ మాత్రల్లో ఉంది. ఇవి రక్తంలో కాల్షియాన్ని, కొవ్వును పెంచడం వల్ల క్లోమంపై ప్రభావం పడవచ్చని భావిస్తున్నారు.

రెండో తరగతి ఏసీఈ నిరోధకాలు. పేరు చివర 'ప్రిల్' అని ఉంటే ఆ తరగతిదని గుర్తించవచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ ఈ కోవలోనివే. (వీటిలో మొదట వచ్చిన క్యాప్టోప్రిల్‌కు బ్రెజిల్ దేశపు ఓ విషసర్పం విషంపై జరిగిన పరిశోధనలే మూలం.) ఈ మందులతో శరీరంలో బ్రాడీకైనిన్ అనే పదార్థం పేరుకుంటుంది. కొందరికి పొడిదగ్గు రావడానికి, అరుదుగా పెదవులు, ముఖం వాయడానికి కారణం అదే. అటువంటి వాపే క్లోమ నాళంలో వస్తే రసానికి దారి మూసుకుపోతుందన్నది వైద్యుల ఊహ. మన ప్రాంతంలో విరివిగా వాడే ఆమ్లోడిపిన్ దుష్ఫలితాల జాబితాలోనూ, అతి అరుదు అన్న మాటతో, ఈ జబ్బు పేరుంది.

ముప్పు ఎంత అన్నదానికి ఒక లెక్క ఉంది. ఏసీఈ నిరోధకాలు వాడేవారిలో ఈ ముప్పు వాడనివారి కంటే సుమారు ఒకటిన్నర రెట్లని 2006లో ప్రచురితమైన ఐరోపా అధ్యయనం తేల్చింది. తొలి ఆరు నెలల్లో, మోతాదు ఎక్కువైనప్పుడు ముప్పు అధికమని కూడా పేర్కొంది. ఒకటిన్నర రెట్లంటే భయం కలగవచ్చు. కానీ ప్రపంచవ్యాప్తంగా చూస్తే ఏడాదిలో లక్ష మందిలో ఈ జబ్బు బారినపడేది సుమారు 34 మంది. ఆ లెక్కన లక్ష మంది ఏడాదంతా మాత్ర వేసుకుంటే అదనంగా జబ్బు పడేది ఇరవై మంది లోపే.

వాము నీళ్లతో పోయే నొప్పి కాదు

బొడ్డు పైభాగాన ఉన్నట్టుండి మొదలై, వీపులోకి పొడుచుకుపోయే నొప్పి ప్రధాన లక్షణం. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. ఆగని వాంతులు, జ్వరం, కడుపుబ్బరం తోడవుతాయి. పల్లెల్లో దీనికి మొదట పెట్టే పేరు 'గ్యాస్ పట్టింది'. సోడా తాగించి, వాము నీళ్లు పోసి, ఊళ్లోని ఆర్‌ఎంపీ చేత సూది వేయించేసరికి రాత్రి గడిచిపోతుంది. ఈ జబ్బులో తొలి 24 గంటల్లో సెలైన్ ఎక్కించడమే ముఖ్య చికిత్స. అధిక శాతం మంది వారం రోజుల్లో కోలుకుంటారు. తీవ్రమైతే మాత్రం మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

నలభై డిగ్రీలు దాటే సీమ ఎండల్లో ఇది మరింత ప్రమాదకరం. వాంతులతో నీరంతా పోతున్నా నీళ్ల మాత్ర వేసుకుంటూనే ఉంటే మూత్రపిండాలకు ఇంకా చేటు. అటువంటి రోజున మాత్ర వేసుకోవాలో వద్దో వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

లైపేజ్ లేదా అమైలేజ్ రక్తపరీక్షలో విలువ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు మించితే జబ్బుపై అనుమానం బలపడుతుంది. రాళ్లున్నాయేమో స్కానింగ్‌లో చూస్తారు. కర్నూలు సర్వజన వైద్యశాల, కడప రిమ్స్ వంటి బోధనాసుపత్రుల్లో ఈ పరీక్షలకు వీలుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మందు వల్లే వాపు వచ్చిందని చెప్పే ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. రాళ్లు లేవు, తాగుడు లేదు, కొవ్వు లేదు అని ఒక్కొక్కటీ కొట్టివేశాకే మాత్రలపై దృష్టి పడుతుంది. అప్పుడు వైద్యుడు అడిగే ప్రశ్న 'ఏం మాత్రలు వాడుతున్నారు?' అని. 'బీపీ బిళ్లండీ, తెల్లది' అన్న సమాధానంతో ఆయన చేయగలిగింది లేదు. అట్ట ఊళ్లో గూట్లో ఉంటుంది. కారణం తేలకుండానే నొప్పి తగ్గి ఇంటికి చేరిన రోగి మర్నాడు మళ్లీ అదే మాత్ర మింగుతాడు. మందే కారణమైతే నొప్పి తిరగబెట్టే అవకాశముంది. జీవితంలో చుక్క ముట్టని మనిషికి 'తాగుడు మానెయ్' అన్న సలహా దక్కడం అదనపు అవమానం.

మరోవైపు, ఈ సంగతి సగం విని మాత్రలు పారేసేవారికి జరిగే కీడు ఇంకా పెద్దది. బీపీ అదుపు తప్పితే పక్షవాతం ముప్పు ఈ అరుదైన జబ్బు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఫలానా మాత్రపై అనుమానం వస్తే వైద్యులు దానిని ఆపి వేరే తరగతి మందు ఇస్తారు. బీపీకి మాత్రలు ఒక్క రకం కాదు. షుగర్ కూడా ఉన్నవారు ఆ మాత్రల పేర్లూ చెప్పాలి. సిటాగ్లిప్టిన్ వంటి వాటికీ క్లోమం వాపు హెచ్చరిక ఉంది.

మందుల దుష్ఫలితాలను నమోదు చేసేందుకు 2010లో కేంద్రం ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనిని నిర్వహిస్తోంది. వైద్యులే కాక రోగులు, వారి బంధువులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. మాత్ర పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నదీ చెప్పాల్సి ఉంటుంది గనుక అట్టను దగ్గర పెట్టుకోవాలి.