గోల్ ముందు ఒక్కరికే చోటు

2024 జనవరిలో ఒమన్ రాజధాని మస్కట్‌లో మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ మొదటిసారి జరిగింది. భారత జట్టు ఫైనల్ దాకా వెళ్లి, నెదర్లాండ్స్ చేతిలో 2-7 తేడాతో ఓడి, వెండి పతకంతో తిరిగొచ్చింది. ఆ జట్టు కెప్టెన్ మన తెలుగమ్మాయే. పేరు ఎతిమరపు రజని. పుట్టి పెరిగింది చిత్తూరు వైపు, ఎర్రావారిపాలెం మండలంలో. మైదానంలో ఆమె చోటు గోల్ ముందు. ఒళ్లంతా ప్యాడ్లు కట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, అక్కడి నుంచే జట్టును నడిపింది.

మంచు మీద ఆడే హాకీలో అయితే ఈ ముచ్చట కుదరదు. ఆ ఆటకు పెద్ద వేదిక అమెరికా, కెనడాల్లో జరిగే నేషనల్ హాకీ లీగ్. ఎంత మొనగాడైనా సరే, ఆ లీగ్‌లో గోల్‌కీపర్ కెప్టెన్ కాకూడదు. దీనికి కారకుడు బిల్ డర్నన్ అనే మాంట్రియల్ కీపర్. ఆయనకు రెండు చేతులూ ఒకేలా పనిచేసేవి. రెండు చేతులకీ ప్రత్యేకంగా కుట్టించిన గ్లవ్స్ వేసుకుని, దాడి ఎటు నుంచి వస్తే దానికి తగ్గట్టు స్టిక్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చేవాడు. 1947-48 సీజన్‌లో కెప్టెన్సీ కూడా ఆయనకే దక్కింది. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌ది కదా, చీటికీమాటికీ గోల్ వదిలి రిఫరీ దగ్గరికి వాదనకు బయల్దేరేవాడు. ఆయన వెళ్లి వచ్చేలోపు మాంట్రియల్ ఆటగాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక దొరికేది. ఎదుటి జట్లు గోల పెట్టాయి. మరుసటి సీజన్ నుంచి గోల్‌కీపర్‌కు ఆ బాధ్యత ఇవ్వొద్దని రూల్ వచ్చింది, ఇప్పటికీ ఉంది.

అయినా 2008లో వాంకూవర్ జట్టు రాబర్టో లువాంగో అనే కీపర్‌ను కెప్టెన్‌గా ప్రకటించింది. జెర్సీ మీద కెప్టెన్ గుర్తయిన ‘సి’ అక్షరం కుట్టించుకోవడానికి రూల్ ఒప్పుకోలేదు. ఆయన దాన్ని తన మాస్కు మీద వేయించుకున్నాడు. రిఫరీతో మాట్లాడే పని వేరేవాళ్లు చూసుకున్నారు. మన గడ్డి హాకీకి ఇలాంటి పట్టింపులేం లేవు. శంకర్ లక్ష్మణ్ గోల్‌కీపర్‌గా ఉంటూనే భారత జట్టుకు నాయకత్వం వహించాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో శ్రీజేశ్, ఆ తర్వాత మహిళల జట్టులో సవిత అదే బాట పట్టారు.

సవిత పేరు రాగానే రజని కథలో రెండో సగం మొదలవుతుంది. ఇద్దరూ ఒకే కాలంలో ఆడే గోల్‌కీపర్లు. ఫార్వర్డ్‌లయితే ముగ్గురు నలుగురు ఒకేసారి ఆడతారు, కాసేపటికొకరు మారుతుంటారు. గోల్ ముందు మాత్రం ఒక్కరికే చోటు. 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018 ఆసియా క్రీడల్లో వెండి తెచ్చిన జట్టులో, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కంచు తెచ్చిన జట్టులో రజని ఉంది. టోక్యో ఒలింపిక్స్‌కు రిజర్వ్ కీపర్‌గా వెళ్లింది. పెద్ద మ్యాచ్‌లలో గోల్ కాసింది ఎక్కువగా సవితే. తనవంతు ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో తెలియకపోయినా, రెండో కీపర్ కూడా మొదటి కీపర్‌తో సమానంగా చెమటోడ్చాలి.

అలా వంతు కోసం బెంచీ మీద కూర్చునే కీపర్ ఒకడుండాలన్న ఆలోచనే ఐస్ హాకీకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1960ల నడుమ దాకా అక్కడ జట్టుకు ఒక్కడే కీపర్. వాడికి దెబ్బ తగిలితే కుట్లు వేసి మళ్లీ దింపేవారు, లేదంటే దొరికినవాణ్ని నిలబెట్టేవారు.

1928 ఏప్రిల్‌లో, ఐస్ హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ పోటీల్లో న్యూయార్క్ రేంజర్స్‌కు సరిగ్గా ఇదే గతి పట్టింది. కీపర్ లోర్న్ షాబో కంటికి పక్ తగిలింది. పక్ అంటే సుమారు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల. ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు కూడా. స్టేడియంలో ప్రేక్షకుడిగా కూర్చున్న వేరే జట్టు కీపర్‌ను అరువిమ్మని అడిగితే ఎదుటి మేనేజర్ ససేమిరా అన్నాడు. దాంతో రేంజర్స్ కోచ్ లెస్టర్ ప్యాట్రిక్ తానే ప్యాడ్లు కట్టుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 44, తల నెరిసింది. తెల్లజుట్టు కోచ్‌ను కాపాడుకోవాలని కుర్రాళ్లంతా ప్రాణం పెట్టి ఆడారు. అదనపు సమయంలో 2-1తో గెలిచారు, ఆ ఏడాది కప్పు కూడా వాళ్లదే.

డిట్రాయిట్‌లో లెఫ్టీ విల్సన్ ముచ్చట ఇంకా తమాషా. ఆయన ఉద్యోగం ఆటగాళ్ల బాగోగులు చూసే ట్రైనర్. 1950లలో మూడుసార్లు మ్యాచ్ మధ్యలో కీపర్‌గా దిగాడు. ఒకసారి సొంత జట్టుకు, ఇంకోసారి టొరంటోకు, మరోసారి బోస్టన్‌కు. అంటే చివరి రెండుసార్లు తనకు జీతమిచ్చే జట్టు మీదే గోల్ కాశాడన్నమాట!

గోల్‌కీపర్ల చరిత్రను మలుపు తిప్పిన రాత్రికి కూడా ఈ ఒక్కడే కీపర్ పద్ధతే కారణం. అది 1959 నవంబర్ 1. న్యూయార్క్‌లో మాంట్రియల్ కీపర్ జాక్ ప్లాంట్ ముఖానికి ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ తగిలి, ముక్కు దగ్గర చీలి రక్తం కారింది. లోపలికి తీసుకెళ్లి 7 కుట్లు వేశారు. ప్లాంట్ అంతకుముందే ఫైబర్ గ్లాస్‌తో ఓ మాస్కు చేయించుకుని ప్రాక్టీసులో వాడుతున్నాడు. మ్యాచ్‌లో పెట్టుకోవడం మాత్రం కోచ్ టో బ్లేక్‌కు సుతరామూ ఇష్టం లేదు. మాస్కు పెడితే చూపు ఆనదని, మనిషి పిరికివాడవుతాడని అప్పటి కోచ్‌ల నమ్మకం. మాస్కు లేకపోతే ఆడేది లేదని ప్లాంట్ ఆ రాత్రి భీష్మించాడు. బెంచీ మీద రెండో కీపర్ ఉంటే బ్లేక్ ఏం చేసేవాడో గాని, లేడు కాబట్టి తల ఊపక తప్పలేదు. మాంట్రియల్ 3-1తో గెలిచింది.

తర్వాత కూడా జట్టు వరసగా గెలుస్తూ పోవడంతో బ్లేక్ కొన్నాళ్లు నోరు మెదపలేదు. 1960 మార్చిలో ఒక్క మ్యాచ్‌కు మాస్కు తీసి ఆడమని అడిగాడు, జట్టు 0-3తో ఓడింది. దాంతో ఆ వాదన ముగిసింది. ఈ ప్లాంట్ తీరే వేరు. చిన్నప్పుడు తల్లి దగ్గర ఊలు అల్లడం నేర్చుకున్నాడు. పేరొచ్చాక కూడా తీరిక దొరికితే సూదులు పట్టుకుని టోపీలు అల్లుకునేవాడు. పిరికివాడన్న పేరు ఈయనకు అతకదు.

నిజానికి మాస్కు పెట్టిన మొదటి మనిషి ప్లాంట్ కాదు. 1927లోనే కెనడాలో క్వీన్స్ యూనివర్సిటీ విద్యార్థిని ఎలిజబెత్ గ్రాహమ్ కత్తిసాము చేసేవాళ్ల ముసుగు తగిలించుకుని గోల్ కాసింది. 1930లో క్లింట్ బెనెడిక్ట్ ముక్కు విరిగాక తోలు మాస్కు పెట్టి కొన్ని మ్యాచ్‌లు ఆడాడు, చూపుకు అడ్డొస్తోందని వదిలేశాడు. షికాగో కీపర్ గ్లెన్ హాల్ మాస్కు లేకుండానే వరసగా 502 మ్యాచ్‌లు ఆడాడు. ఆ రికార్డు చెక్కుచెదరలేదు, చెదరదు కూడా. దాని వెనక ఓ సంగతుంది. ప్రతి మ్యాచ్‌కు ముందు ఆందోళనతో ఆయనకు వాంతులయ్యేవి.

ప్యాడ్ల సంగతి మన వైపు వాళ్లకు మరింత దగ్గరిది. 1896లో విన్నిపెగ్ జట్టు కీపర్ జార్జ్ మెరిట్ స్టాన్లీ కప్ మ్యాచ్‌లో కాళ్లకు క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. 1920లలో హామిల్టన్ ఊళ్లో ఎమిల్ కెనెస్కీ అనే జీనుల పనివాడు వాటిని వెడల్పు చేసి తోలుతో కుట్టడం మొదలుపెట్టాడు. ఆ తరహా ప్యాడ్లలో కూరినవాటిలో తెల్ల బూరుగు దూది ఒకటి. ఒకప్పుడు ఆదిలాబాద్, కరీంనగర్ ఇళ్లల్లో దిండ్లు నింపిన జాతి దూదే. దెబ్బను బాగానే ఆపేది. కాకపోతే ఆట సాగేకొద్దీ కరిగిన మంచు నీళ్లను తోలు పీల్చుకుని, ఆఖరికి కాళ్లు ఈడ్చుకుంటూ నిలబడాల్సొచ్చేది. రసాయన నురుగుతో తేలికపాటి ప్యాడ్లు వచ్చాకే, కీపర్లు మోకాళ్ల మీద వాలి కాళ్లు రెండు పక్కలా పరిచే ఇప్పటి పద్ధతి అందరికీ అలవాటైంది.

మోకాళ్ల మీద వాలడం మొదట్లో నేరం. కీపర్ నిలబడే గోల్ కాయాలి, పడితే శిక్ష. పైన చెప్పిన బెనెడిక్టే జారిపడ్డట్టు నటిస్తూ పక్‌ను ఆపేవాడు. అస్తమానం మోకాళ్ల మీద కనిపిస్తుంటే ప్రార్థన చేస్తున్నాడని జనం ఎగతాళి చేశారు. పడింది కావాలనా, పొరపాటునా అని తేల్చలేక లీగ్ 1918 జనవరిలో ఆ రూలే ఎత్తేసింది. దీనికి తలకిందులుగా, ఒక కీపర్ వల్ల కొత్త రూల్ పుట్టిన ఉదాహరణ మార్టిన్ బ్రొడ్యూర్. ఇవాళ మన పిల్లలు ఎందరో స్థిరపడ్డ న్యూజెర్సీ జట్టు కీపర్ ఆయన. 691 గెలుపులతో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. గోల్ వెనక్కి వెళ్లి పక్‌ను తనవాళ్లకు అందించడంలో ఆరితేరాడు. 2005లో లీగ్ గోల్ వెనక గీతలు గీసి, కీపర్ అక్కడ పక్‌ను ఆ గీతల లోపలే ముట్టుకోవాలంది. ఆట చూసేవాళ్లు దాన్ని బ్రొడ్యూర్ రూల్ అనే పిలుస్తారు.

మన దేశంలో ఈ ఆట ప్రధానంగా లద్దాఖ్‌ది. ఆదిలాబాద్‌లో ఇగం ముదిరి అయిదారు డిగ్రీలకు దిగినా చెరువు చెరువులాగే ఉంటుంది. లేహ్‌లో చెరువే మైదానం. భారత మహిళల ఐస్ హాకీ జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీకి వెళ్లింది. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి మొదటి గెలుపు రుచి చూసింది. ఆ జట్టు కీపర్‌గా పేరు తెచ్చుకున్న నూర్‌జహాన్ మరో పనిలోనూ నేర్పరి. బౌద్ధ ఆరామాల్లో శిథిలమవుతున్న పాత తంకా చిత్రాలను బాగుచేస్తుంది. 2025లో ఈ జట్టు ఆసియా కప్‌లో కంచు పతకం గెలిచింది.

ఇప్పుడు నేషనల్ హాకీ లీగ్‌లో ప్రతి జట్టుకూ ఇద్దరు కీపర్లు. ఇద్దరూ ఒకే రాత్రి గాయపడితే? అందుకోసం ఊళ్లోనే ఒక ఔత్సాహికుణ్ని స్టేడియంలో సిద్ధంగా ఉంచుతారు. ఎవరికి అవసరమైతే ఆ జట్టుకు ఆడతాడు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరోలినా జట్టుకు అదే జరిగింది. 42 ఏళ్ల డేవిడ్ అయర్స్‌కు పిలుపొచ్చింది. ఆయన టొరంటోలోని వేరే స్టేడియంలో మంచును చదును చేసే బండి నడిపేవాడు. 2004లో తల్లి ఇచ్చిన కిడ్నీతో బతికి బట్టకట్టినవాడు. టొరంటో కొట్టిన మొదటి రెండు షాట్లూ గోల్ అయ్యాయి. తర్వాతి 8 షాట్లనూ ఆపాడు. కరోలినా 6-3తో గెలిచింది. ఆయన స్టిక్ ఆ తర్వాత హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. 2025లో కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం, 2026-27 సీజన్ నుంచి జట్లు ఈ పనికి కూడా జీతమిచ్చి మనిషిని పెట్టుకుని తమ వెంట ఊరూరా తిప్పుకోవచ్చు.