దొడ్డిదారి

ధర్మవరంలో కాపురం, హిందూపురంలో వుద్యోగం. ఈ రెండింటి నడుమ రోజూ రైలు కిటికీలోంచి పెనుకొండ కనిపిస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయిన తరువాత తిరుమలరాయలు విజయనగరం విడిచి వచ్చి రాజధాని చేసుకున్న చోటు అది. కోట అన్నాక సింహద్వారం వుంటుంది, కావలివాడు వుంటాడు; ఎక్కడో ఒక దొడ్డిదారీ వుంటుంది. పాతికేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నా, ఆ చివరి మాటకు అసలు అర్థం నాకు గత సంవత్సరమే తెలిసివచ్చింది.

మా ధర్మవరం పిల్ల ఒకతె మా కాలేజీలో చదువుతోంది. తండ్రి పట్టుచీరలు నేస్తాడు. పడుగు, పేక, నాడె, కండె, ఆసు - ఇటువంటి నేతపని మాటలు పోగుచేసి ప్రాజెక్టు రాస్తానంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"సార్, మా అవ్వ చెప్పే మాటలు శబ్దరత్నాకరంలో చూడమంటిరి కదా. లైబ్రరీలో పుస్తకం లేదంటాండారు. రేపు సోమవారం ఇయ్యల్ల," అన్నది.

బహుజనపల్లి సీతారామాచార్యులు గారి ఆ నిఘంటువు 1885లో వెలువడింది. అటువంటి పాత పుస్తకాలు వేలకొద్దీ ఫోటోలు తీయించి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ఉచితంగా అందరికీ అందిస్తోంది. దానికేం భాగ్యమని స్టాఫు రూములో కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెర మీద ఎర్రని అక్షరాలు వచ్చాయి: "ఈ వెబ్‌సైటు నిషిద్ధం. వర్గం: ఫైళ్ళ పంపకం."

సీతారామాచార్యులు గారు చేసిన నేరమేమిటో నాకు బోధపడలేదు. వెనకనుంచి చూస్తున్న కుర్రవాడొకడు, "ఇంతేనా సార్!" అని ఏదో చిరునామా కొట్టాడు. ఒక పేజీ వచ్చింది. అందులో మనకు కావలసిన వెబ్‌సైటు పేరు రాస్తే, అది తానే వెళ్ళి తెచ్చి చూపిస్తుందట. దాన్ని ప్రాక్సీ అంటారట. నిమిషంలో నిఘంటువు ప్రత్యక్షం! పక్కవాడి తోటలో మామిడికాయ కోసినంత ఆనందం కలిగింది. పిల్లకు పేజీలు దించి ఇచ్చాను.

అంతటితో మానితే ఈ వ్యాసం అవసరం వుండేది కాదు. పక్కవాడి తోట రుచి మరిగినవాడు మానతాడా? ఒకరికి క్రికెట్టు, ఒకరికి సినిమా పాటలు, నాకు నా ఈమెయిలు. నెల తిరిగేలోగా స్టాఫు రూమంతా ఆ దారినే నడిచింది.

ఒకనాటి సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే నిలేసింది. "ఏమండీ, మీకు పాతిక వేలు అవసరమైతే నాకొక మాట చెప్పరాదా? మా అన్నయ్యకు వుత్తరం రాశారట!"

నేను రాయలేదు మొర్రో అన్నాను. నా పేరుతో, నా ఈమెయిలు నుంచే, పరిచయస్థులందరికీ అప్పు అడుగుతూ వుత్తరాలు వెళ్ళాయి. మా బావమరిది పంపబోయి ఆగాడు. కారణమేమంటే, తెలుగు మేష్టారు ఇంగ్లీషులో అప్పు అడగడం ఆయనకు అనుమానం కలిగించిందట! మాతృభాష నన్ను ఆదుకున్న సందర్భాల్లో ఇదొకటి.

మర్నాడు కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే కుర్రవాణ్ణి అడిగాను. తలవంచుకుని చెప్పాడు. "సార్, మామూలుగా మీరు ఈమెయిలు చూస్తే అది అంటించిన కవరు మాదిరి. మన కాలేజీ మిషను పైనున్న అడ్రసు చూస్తాది, లోపల ఏముందో చూడలేదు. ఆ ప్రాక్సీ పేజీలో అట్ల కాదు. మీరు కవరు విప్పి వాని చేతిలో పెట్టినట్టే. వాడు చదువుకుని, మళ్ళా అంటించి పంపుతాడు. మీ పాస్‌వర్డు వానికి తెల్సిపోతాది."

"మరి వి.పి.ఎన్. అంటారే, అది?"

"అది సొరంగం సార్. మన మిషనుకు సొరంగం నోరు తప్ప లోపల ఏమీ కనపడదు. కానీ ఆ కొసన దివిటీ పట్టుకుని ఒకడు కూర్చుని వుంటాడు గదా! మీరు యాడికి పోతాండారో వానికి కనపడతాది. ఊరకే ఇచ్చేవాడు ఏం తిని బతకల్ల సార్?"

మరొకటి కూడా చెప్పాడు. కంప్యూటరు మనది కాక ఆఫీసువారిదైతే, అందులో ఒక ప్రత్యేకమైన ధ్రువపత్రం వేసివుంచి, అంటించిన కవరును కూడా వారి మిషను విప్పి చూసే ఏర్పాటు చేసుకోవచ్చునట.

అప్పుడు అతని జేబులోని కాగితం చూశాను. అది మెమో! మిషను తయారుచేసే నెలవారీ పట్టికలో స్టాఫు రూము కంప్యూటరు ఏదో అపరిచిత స్థలానికి రోజూ వెళ్తున్నట్టు తేలింది. దానికి బాధ్యుడు ఇతడే కనుక మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నారు. అతనిది కాంట్రాక్టు వుద్యోగం. మా పేర్లు అతనికి తెలుసు, చెప్పలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉదయం రైలు పెనుకొండ దాటేసరికి నిశ్చయించుకున్నాను. తిన్నగా ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్ళి, "ఆ తప్పు నాది" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "పుస్తకం కోసమైతే నన్ను అడగవచ్చుగా?" అన్నారు.

"ఎవరిని అడగాలో ఆ ఎర్ర అక్షరాల్లో లేదండీ," అన్నాను.

ఇద్దరం కలిసి ఫైళ్ళు వెదికాము. ఆ వెబ్‌సైటును నిషేధించమని కాలేజీలో ఏ ఒక్కరూ ఆజ్ఞ ఇవ్వలేదు. మిషనుతోపాటు జాబితా కూడా వచ్చింది. దాన్ని ఎవరూ చదవలేదు!

ఇది మా ఒక్కరి వింత కాదు. 1996లో ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ అనే పట్టణవాసులను అమెరికా ఆన్‌లైన్ సంస్థ చేర్చుకోనన్నది. ఆ వూరి పేరు అక్షరాల నడుమ ఒక బూతు మాట దాగివుండడమే కారణం. మిషనుకు వూరేదో బూతేదో తెలియదు కదా! 2017 ఆగస్టులో ఇదే ఇంటర్నెట్ ఆర్కైవ్ మన దేశంలో కొన్నాళ్ళు మూతపడింది. కొత్త సినిమాల దొంగ కాపీలను ఆపాలని నిర్మాతలు మద్రాసు హైకోర్టులో ఆజ్ఞ తెచ్చుకున్నారు. ఆ జాబితాలో 2,000కు పైగా వున్న పేర్లలో ఈ గ్రంథాలయం పేరూ పడింది. దొంగను పట్టబోయి గ్రంథాలయానికి తాళం వేసినట్టయింది.

ప్రభుత్వం నిషేధించడం వేరు, ఆఫీసువారు ఆపుకోవడం వేరు. మొదటిదానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 69ఏ సెక్షను వుంది. కారణాలు కాగితం మీద రాయాలన్న నియమం వున్నదని కూడా గమనించే, సుప్రీంకోర్టు 2015లో ఆ సెక్షనును నిలబెట్టింది. రెండవది ఇంటి యజమాని ఇష్టం. పనివేళల్లో క్రికెట్టు చూడవద్దనడం అన్యాయం కాదు. అయితే ప్రభుత్వమే కారణం రాసి పెట్టవలసి వుండగా, ఆఫీసు గుమ్మానికి మాత్రం ఆపాటి మర్యాద వుండవద్దా?

ప్రిన్సిపాలు గారు మెమో వెనక్కు తీసుకున్నారు. నన్ను నాలుగు మాటలన్నారు, పడ్డాను. తరువాత మూడు వాక్యాల అర్జీ రాయించుకున్నారు: ఏ వెబ్‌సైటు, ఏ పనికి, ఎవరికి. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆర్కైవ్ తెరుచుకుంది! నేను నెల రోజులు గోడ దూకిన చోట తలుపు తట్టడానికి పట్టింది ఒక పూట. ఇప్పుడు ఆ ఎర్ర అక్షరాల కింద మరో పంక్తి చేరింది: "అవసరమైనచో ఆఫీసులో అర్జీ ఇవ్వవలెను." ఆ పంక్తి వచ్చాక స్టాఫు రూములో ప్రాక్సీ పేరెత్తినవారు లేరు. క్రికెట్టు అభిమాని మాత్రం సొంత ఫోనులో, సొంత డబ్బుతో, మధ్యాహ్నం విరామంలో స్కోరు చూసుకుంటున్నాడు.

మీ ఇంట్లో ఆఫీసులకు వెళ్ళేవారు వుంటే ఈ ఒక్క మాట చెప్పండి: ఎంత అవసరమైనా సరే, ముక్కూ మొహం తెలియని ప్రాక్సీ పేజీలో ఈమెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు కొట్టవద్దు. ఒకవేళ ఇప్పటికే కొట్టివుంటే ఈ రాత్రే మార్చుకోండి; పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే అంకె కూడా అడిగే ఏర్పాటు పెట్టుకోండి. నేను మా బావమరిదికి క్షమాపణ చెప్పుకున్నాక చేసిన మొదటి పని అదే.

పిల్ల ప్రాజెక్టు పూర్తిచేసింది. నిఘంటువులో లేని మాటలు వాళ్ళ అవ్వ నోట కొన్ని దొరికాయట. వాటిని వేరే కాగితం మీద రాసి నాకు తెచ్చిచ్చింది. కంప్యూటరు కుర్రవాడు వాటిని భద్రంగా టైపు చేసిపెట్టాడు.