మీకు తెలుసా? మందు వల్లా పెల్లాగ్రా వస్తుంది
క్షయకు వాడే ఐసోనియాజిడ్ మాత్ర అరుదుగా కొందరిలో బి3 విటమిన్ లోపంతో వచ్చే జబ్బైన పెల్లాగ్రాను తెస్తుంది. ఎండ తగిలే చోట్లే, అంటే చేతులమీద, పాదాలమీద, మెడచుట్టూ కంటె పెట్టుకున్నట్టుగా, చర్మం ఎర్రబడి మండుతుంది. దురద కూడా పెట్టవచ్చు. తర్వాత నల్లబడి పొలుసులు లేస్తుంది. శరీరం బి3 విటమిన్ తయారుచేసుకోవాలంటే బి6 కావాలి. ఈ మందు ఆ బి6కే అడ్డుపడుతుంది. కాబట్టి పైపూతలు చాలవు. డాక్టరు బి3 ఇస్తే కొద్ది రోజుల్లోనే ఉపశమనం మొదలవుతుంది. క్షయ మాత్రలు మాత్రం దయచేసి సొంతంగా ఆపకండి.

ఉస్మానియా క్యాంపస్ పక్కన, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ జబ్బును దశాబ్దాల కిందటే పట్టించుకుంది. జొన్నే ఆధారమైన దక్కన్ పేదల్లో పెల్లాగ్రాకు జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని అక్కడి డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు.