ఏడు సీట్ల డీజిల్ బండి: మన తోటబాటకు, మన ఇంటికి ఏది సరిపోతుంది?

జీవామృతం, కషాయాల వీడియోల కింద ఈ మధ్య ఒక ప్రశ్న పదే పదే వస్తా ఉంది. "అన్నా, ఇంట్లో ఏడుగురం. తోటకూ పోవాల, తిరుమలకూ పోవాల. డీజిల్ బండి ఏది తీసుకోమంటావు?" అని. పైన వీడియోలో తోటబాటలు, బండ్లు చూపించాను. వీడియోలో చెప్పడానికి వీలుకాని లెక్కలు ఈడ రాస్తున్నా. ఏ కంపెనీ దగ్గరా నేను డబ్బులు తీసుకోలేదు. ఒక రైతు ఇంటికి ఏం కావాల అనే దాన్నిబట్టే చెబుతున్నా.

ముందు బాటను చూడండి

షోరూముకు పోకముందు మీ తోటబాటను ఒకసారి నడిచి చూడండి. తారు రోడ్డు దిగినాక తోట గేటు దాకా ఉండే ఆఖరి కిలోమీటరు సంగతి నేను చెప్పేది. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ కిలోమీటరు ఎక్కువగా నాలుగు రకాలుగా ఉంటుంది.

ఒకటి, వంకలో ఇసక. స్వర్ణముఖి పక్క పల్లెల వాళ్ళకు ఇది బాగా తెలుసు. పైకి గట్టిగా కనిపిస్తుంది, చక్రం పడితే దిగబడుతుంది. రెండు, వానకు నానిన నేల. ఎర్రనేల అయితే బాగా ఎండ కాస్తే తొందరగా గట్టిపడుతుంది, రేగడి అయితే రోజుల తరబడి టైరుకు అంటుకుంటానే ఉంటుంది. మూడు, భాకరాపేట, తలకోన సైడు ఉండే అడివి పక్క రాళ్ళబాట. నాలుగు, ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడి, నడుమ మిట్ట లేచిన బాట. బండి కడుపు తగిలేది ఎక్కువగా ఈ నాలుగో రకంలోనే.

అందుకే గ్రౌండ్ క్లియరెన్స్ అనే మాట మనకు ముఖ్యం. స్కార్పియో-ఎన్‌కు కంపెనీ చెప్పేది 187 మిల్లీమీటర్లు. ఐదు డోర్ల ఫోర్స్ గూర్ఖాకు 233. కానీ ఏడుగురు ఎక్కితే, మనిషికి 65 కిలోల లెక్కన 455 కిలోలు. ఆ బరువుకు బండి వెనక భాగం కిందికి దిగుతుంది. కాబట్టి కాగితం మీది అంకెను నమ్ముకోకుండా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని నడిపి చూడాల.

వెడల్పు, ఎత్తు గూడా చూసుకోవాల. స్కార్పియో-ఎన్ వెడల్పు 1917 మిల్లీమీటర్లు, బొలెరోది 1745. తేడా జానెడు గూడా లేదు. కానీ రెండు పక్కలా కంచె ఉన్న సందులో ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆ తేడా విలువ తెలుస్తుంది. గూర్ఖా ఎత్తు 2095 మిల్లీమీటర్లు, అంటే ఏడడుగులకు కొంచెం తక్కువ. తోతాపురి కొమ్మలు కాయ బరువుకు వంగి ఉన్నప్పుడు మామిడి తోపులోకి అంత ఎత్తు బండి తోలడం కష్టం.

ఫోర్ బై ఫోర్ ఎవరికి?

ఏడు సీట్ల బండ్లన్నీ చూడ్డానికి ఒకే రకంగా ఉన్నా, ఏ చక్రాలు బండిని లాగుతాయనే దాంట్లో తేడా ఉంది. టాటా సఫారీకి ముందు చక్రాలు లాగుతాయి. బొలెరో, బొలెరో నియో, స్కార్పియో క్లాసిక్, ఇన్నోవా క్రిస్టాలకు వెనక చక్రాలు. మనుషులు, మూటలు నింపుకొని ఇసక మిట్ట ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది. ముందు చక్రాలకు పట్టు తగ్గి ఊరికే తిరుగుతాయి. అదే వెనక చక్రాలు లాగే బండికి ఆ బరువే పట్టు ఇస్తుంది. రోడ్డు మీద సఫారీ మంచి బండే, కానీ వంక దాటే పని రోజూ ఉంటే ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

బొలెరో నియోలో పై రకానికి లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. ఒక వెనక చక్రం పట్టు లేక ఊరికే తిరుగుతుంటే, రెండో చక్రానికి బలం పంపే ఏర్పాటు అది. మన బాటల్లో చానా మందికి అదే సరిపోతుంది. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో కొన్ని రకాలకు ఫోర్ బై ఫోర్, లో రేంజ్ గేరు ఉన్నాయి. గూర్ఖాకు ఫోర్ బై ఫోర్‌తో పాటు ముందూ వెనకా రెండు లాకులూ ఉన్నాయి.

ఇప్పుడు ఒక పని చేయండి. పోయిన ఏడాది ఎన్ని రోజులు మీ బాటలో మామూలు బండి పోలేకపోయిందో లెక్క పెట్టండి. మన సైడు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఆ లెక్క పది పదిహేను రోజులే అయితే, ఫోర్ బై ఫోర్‌కు ఎక్కువ పెట్టే డబ్బులో కొంత తీసి బాట మీద పెట్టండి. గాడి పడిన తావ గ్రావెల్ తోలించండి, నీళ్ళు అడ్డం పారే తావ సిమెంటు తూము వేయించండి, గట్టు పక్కన వట్టివేరు నాటండి. ఆ బాట మీ కారుకే కాదు, పాల ఆటోకు, కాయ లోడు ఎత్తే ట్రాక్టరుకు, ఆవులకు గూడా పనికొస్తుంది. నెలల తరబడి బాట చెడిపోయే వాళ్ళకు, అడివి అంచున కొండవాలులో తోట ఉన్న వాళ్ళకు మాత్రం ఫోర్ బై ఫోర్ అవసరమే.

ఇంకొక మాట. ఏ బండి ఉన్నా పారే నీళ్ళలోకి దింపొద్దు. గూర్ఖా 700 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో పోతుందని కంపెనీ చెబుతుంది. అది లోతు లెక్క, నీళ్ళ వేగం లెక్క కాదు. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్ళు ఖాళీ చేయించారు. చప్టా మీద నీళ్ళు పారుతుంటే, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కంటికి కనపడదు.

చివరి వరుసలో అవ్వను కూర్చోబెట్టండి

టెస్ట్ డ్రైవ్ అనంగానే మనం స్టీరింగ్ దగ్గర కూర్చుంటాం. ముందు చూడాల్సింది మూడో వరుస. ఇంట్లో మోకాళ్ళ నొప్పి ఉండే పెద్దవాళ్ళను తీసుకుపోయి రెండో వరుసలోకి ఎక్కించండి, పిల్లోళ్ళను మూడో వరుసలోకి పంపండి. బొలెరోలో వెనక సీట్లు ఎదురెదురుగా పక్కకు తిరిగి ఉంటాయి. ఊళ్ళో తిరగడానికి పర్వాలేదు, దూరం పోవడానికి, ఘాట్ మలుపులకు ఇబ్బంది. గూర్ఖాలో మూడో వరుసకు వెనక డోరు నుంచే ఎక్కాల. స్కార్పియో-ఎన్‌లో రెండో వరుస మడిచి లోపలికి దూరాల, పైగా మూడో వరుస లేపితే వెనక సామాన్లకు తావు దాదాపు ఉండదు. ఏడుగురు కూర్చొని ఏడుగురి బ్యాగులూ లోపలే పెట్టడం మాత్రం వీటిల్లో జరిగే పని కాదు.

ఇక తోట పని. జీవామృతం డ్రమ్ము 200 లీటర్లు, అంటే 200 కిలోల పైనే. సీట్లు మడిచి దాన్ని వెనక పెట్టుకుందామనే ఆలోచన వద్దు. గోమూత్రం కారితే వాసన పోదు, రేకు తుప్పు పడుతుంది. సడన్ బ్రేకు వేస్తే డ్రమ్ము ముందుకొచ్చి మనుషుల మీద పడుతుంది. దానికి ట్రాలీ బాడుగకు మాట్లాడుకోండి.

ఘాట్ రోడ్డు అడిగే భద్రత

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు పాతది దిగడానికి, కొత్తది ఎక్కడానికి. ఏడుగురితో ఎక్కేటప్పుడు ఇంజన్ బలం తెలుస్తుంది. దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాని మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరు, మూడో గేరులో ఇంజన్ పట్టు మీదే దించాల. భాకరాపేట కనుమకూ ఇదే మాట.

బండి గట్టితనం గూడా చూడండి. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల భద్రతకు స్కార్పియో-ఎన్‌కు 2022లో, సఫారీకి 2023లో 5 స్టార్లు వచ్చాయి. బొలెరో నియోకు 2024లో 1 స్టారే వచ్చింది. బాటకు నియో సరిపోతుందని పైన నేనే రాశాను. అయినా ఇంటిల్లిపాదితో నెలకు నాలుగైదుసార్లు హైవే ఎక్కే వాళ్ళు ఈ అంకెను పక్కన పెట్టొద్దు.

రోజూ నాలుగు కిలోమీటర్లే తోలితే?

ఇది చానా మంది అడగని ప్రశ్న. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్6. డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కొంతసేపు నిలకడగా పరిగెత్తాల. ఇంటి నుంచి తోటకు నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఆ వేడి రాదు. మసి చేరి చేరి మీటరులో లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా తిప్పితే ఖర్చు పెద్దదే.

దీనికి మందు సులభం. వారానికి ఒకసారి తిరుపతి–చిత్తూరు రోడ్డు లాంటి హైవే మీద ఒక అరగంట ఆపకుండా నడపండి. తోటకు రోజువారీ పోవడానికి మోటర్ సైకిలు వాడండి. ఏడాదంతా కలిపి పది వేల కిలోమీటర్లు గూడా తిరగని ఇంటికి డీజిల్ అవసరమా అని గూడా ఆలోచించండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, లీటరుకు 12 కిలోమీటర్లు అనుకుంటే 1,250 లీటర్లు. లీటరు రూ.97 లెక్కన రూ.1,21,250. నంగిలి దాటి కర్ణాటకలో కొట్టించుకుంటే కొంత మిగులుతుంది, కానీ దానికోసమే పోతే ఆ మిగులూ దారిలోనే కాలిపోతుంది.

కంతుల లెక్క మామిడికాయల్లో

షోరూములో కంతు నెలకు ఇంత అని చెబుతారు. మన మామిడి డబ్బు ఏడాదికి ఒకసారే వస్తుంది. కాబట్టి లెక్క కాయల్లో వేద్దాం. 15 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 7 ఏళ్ళు అయితే నెలకు సుమారు రూ.24,130. ఏడాదికి దాదాపు రూ.2,90,000. 2025 సీజన్‌లో తోతాపురికి ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. ఆ ధర మొత్తం చేతికొచ్చినా ఏడాది కంతులకే 24 టన్నుల కాయ పోతుంది. 8 రూపాయలే వస్తే 36 టన్నులు. ఇందులో కోత కూలి, బాడుగ, తోట ఖర్చు ఇంకా తీయలేదు.

అదే 8 లక్షల అప్పయితే నెలకు సుమారు రూ.12,870. 12 రూపాయల ధరకు ఏడాదికి 13 టన్నులు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ ఇంజన్ ఉన్న బండ్లకు జీఎస్టీ 18 శాతం, అంతకన్నా పెద్దవాటికి 40 శాతం. బొలెరో, బొలెరో నియో 18 శాతంలోకే వస్తాయి.

నా మాట

ఊరు, తోట, మండల కేంద్రం వరకే తిరుగుడు, బాట ఇరుకు, ఆదాయం మామిడి మీదే అంటే బొలెరో తరగతి చాలు. తిరుమలకో, చెన్నైకో, బెంగళూరుకో ఏడుగురు తరచూ పోతారు, కంతు కట్టడానికి పాలో, ప్రాసెసింగ్ యూనిటో లాంటి నెలవారీ ఆదాయం ఉంది అంటే స్కార్పియో-ఎన్ వెనక చక్రాల డీజిల్. బాట నిజంగానే చెడ్డదైతే దాంట్లోనే ఫోర్ బై ఫోర్. కొండవాలులోనే కాపురం, సుఖం రవ్వంత తక్కువైనా పర్వాలేదు అనే వాళ్ళకు గూర్ఖా. ఏడుగురూ కలిసి పోయేది ఏడాదికి ఐదారుసార్లే అయితే ఆ రోజులకు బండి బాడుగకు తీసుకోండి, మిగిలిన డబ్బుతో తోటలో బోరో, ఆవులో చూసుకోండి.

మీ ఆఖరి కిలోమీటరును ఫోనులో వీడియో తీసి పంపండి. వానాకాలంలో తీసింది అయితే ఇంకా మంచిది. వచ్చే వీడియోలో గ్రావెల్, తూములతో తోటబాట బాగు చేసుకోవడానికి ఎంత ఖర్చవుతుందో బిల్లులతో సహా చూపిస్తాను.