‘ల’ పాఠము

ఒకటవ తరగతి పాఠమునకు పాండిత్యముతో పనిలేదని లోకమున నొక తలంపు కలదు. పెద్ద తరగతులవారికి చెప్పువాడు పండితుడు. ఓనమాలు దిద్దించువానికి పేరే లేదు. చిరకాలము బడిలో కావ్యమును, వ్యాకరణమును పాఠము చెప్పినవాడను గనుక నే నొక్కమాట చెప్పగలను. మనుచరిత్రలోని పద్యమునకు అన్వయము చెప్పుటకంటె, అక్షర మెరుగని బిడ్డకు ‘ల’ యను నొక్క యక్షరమును ఎరుకపరచుట కష్టము. పద్యము వినువానికి భాష వచ్చును, లిపి వచ్చును. అర్థ మొక్కటే కావలయును. బిడ్డకో, నోటనున్న మాట పలకమీద గీతయై నిలుచునను సంగతియే క్రొత్త.

ప్రాథమికవిద్యలో శిక్షణ పొందుచున్న యొక ఛాత్రోపాధ్యాయిని, మునుపు నాయొద్ద సంధులు సమాసములు చదివిన పిల్ల, తన తొలిపాఠపు పథకమును, పాఠానంతరము తాను వ్రాసికొన్న పరిశీలనను తెచ్చి నాకు చూపినది. పథకము చక్కగా నున్నది. అట్టలపై వల బొమ్మ యొకటి, తల బొమ్మ యొకటి. బొమ్మక్రింద పెద్ద యక్షరములతో పదము. బొమ్మ చూపి యిదేమని యడుగుట, పిల్లలు ‘వల’ యనగా పదమును వ్రేలితో చూపుట, దానిని విడదీసి పలికించుట, రెండు పదములందును కలసిన యక్షరమును పిల్లలచేతనే కనిపెట్టించుట. మా చిన్ననాట అక్షరమాల ముందు, పదము తరువాత. ఇప్పుడు పదము ముందు, అక్షరము తరువాత. ఈ మార్పు మంచిదే యని నా యభిప్రాయము. అర్థములేని ధ్వనిని బిడ్డ యెంతకాలము మోయగలడు?

పాఠము జరిగినది. తరగతి యంతయు నొక్క గొంతుకతో ‘వల’, ‘తల’ అని పలికినది. ఆమె పుస్తకమున ‘పిల్లలందరును చదివిరి’ అని వ్రాసి, రెండు పంక్తులు దిగిన పిమ్మట దానిని కొట్టివైచినది. పాఠము ముగిసినతరువాత ఆమెకు తోచి, చివరివరుసలోని యొక పిల్లవానిని పిలిచి, బొమ్మను అరచేత మూసి, క్రిందిపదము నడిగినదట. వాడు తడుముకొనక ‘చేప’ యనెను. బొమ్మలో వలయందు రెండు చేపలు కూడ నుండెను మరి!

‘మాస్టారూ, అంతసేపు వాడు చదివినదేమి?’ అని యామె నన్నడిగినది. ‘బొమ్మను చదివినాడమ్మా, ప్రక్కవాని నోటిని చదివినాడు’ అంటిని.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర తన జిల్లాలోని 533 బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. తెలుగునకు వ్యాకరణము వ్రాసిన దొర యాతడే. పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అతిస్వల్పవ్యయముతో అక్షరములు నేర్చుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుటను ఆయన మెచ్చుకొనెను. అర్థ మెరుగక పద్యములను చిలుకలవలె వల్లించుటను మాత్రము గర్హించెను. వల్లెవేతను నేను ద్వేషించువాడను కాను. అమరము నేటికిని నా నోట నిలిచియున్నదన్న అది వల్లెవేత పుణ్యమే. కాని కంఠస్థమైనదానిని పలుకుట వేరు, కంటియెదుటి లిపిని చదువుట వేరు. మూకగొంతులో ఈ భేదము వినబడదు. ఆరవ తరగతికి వచ్చియు, వాచకము తెరచి పట్టుకొని పాఠమంతయు తప్పులేక అప్పజెప్పి, నడుమ నొక పదముమీద వ్రేలుంచి యడుగగా నోరు మెదపలేని పిల్లలను నేను చూచితిని. వారు మందమతులు కారు. మందమతి యంత పాఠమును చెవితో పట్టజాలునా? ఒకటవ తరగతిలో ఎవ్వరును వారిని ఒంటరిగా వినలేదు, అంతియే.

మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతిబిడ్డయు అర్థముతో చదువవలెనని కేంద్రప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించినది. గడువు పెట్టుట యుచితమే. అయితే ఆ చివరివరుస పిల్లవాని గడువు ‘చేప’ యన్ననాడే మొదలైనది.

మరునా డామె పాఠమును మార్చినది. బొమ్మ నొక్కసారి చూపి తీసివైచినది. పిల్లలను నలుగురేసిగా కూర్చుండబెట్టి, పదముల యట్టలను కలిపి, ఒక్కొక్కనిచేత ఒక్కొక్కటి తీయించినది. పళ్లెములో ఇసుక పోయించినది. ఇది నా సలహా. కన్ను పొరపడినచోట వ్రేలు నిలబడును. ‘వ’ వ్రాయునప్పుడు పైన తలకట్టు పెట్టవలెను. ‘ల’కు తలకట్టు లేదు. ఖ, జ, ట, ణ, బ మొదలగునవియు నిట్టివే. పెద్దలకు ఈ సంగతి తలపునకైనను రాదు. ఇసుకలో వ్రాయు బిడ్డకు అదియే ఆనవాలు. చివరివరుస పిల్లవాడు మూడవనాడు ‘ల’ దిద్దుచు, ‘ఇది నా పేరులో నున్నది’ అనెనట. వాని పేరును పలకమీద ఆమె వ్రాసియీయగా, ఇంటికి పోవువరకు దానిని తుడువనీయలేదట.

ఇక రానున్న చిక్కు ‘మ’. ‘వ’కు కొమ్మిచ్చిన ‘వు’ను, ‘మ’ను పక్కపక్కన పెట్టి చూడుడు, చత్వారము వచ్చిన నాబోటివానికే ఒక్కక్షణము సందేహము కలుగును. ఈ పోలికవలననే ప, వ లకు కొమ్మును ప్రక్కన గాక క్రిందినుండి త్రిప్పి తగిలింతురు. కనుక ‘మ’ చేతికి స్థిరపడువరకు ‘వు’ జోలికి పోవలదని చెప్పితిని. ఆమె యందుకు సమ్మతించి, గుణింతమును రెండు వారములు వెనుకకు జరిపి, పథకమును తిరిగి వ్రాయుచున్నది.