దీవికా, కోటకా?

స్పెయిన్ దేశమున నాలుగు దినములే యుండదలచిన యాత్రికునకు, ఇబీసా దీవికి పోవుటయా, ఆవిలా నగరమునకు పోవుటయా యను సందియము పుట్టును. మధ్యధరా సముద్రమందలి ఇబీసాలో వేసవి రాత్రులు తెల్లవారువరకు పాటలతో, నృత్యములతో మారుమ్రోగును; నిద్ర దుర్లభము, బస మిక్కిలి ప్రియము.

ఆవిలా అట్టిది కాదు. సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైబడిన యెత్తున, సుమారు రెండున్నర కిలోమీటర్ల రాతిగోడ పాత నగరమును చుట్టియున్నది. దానికి ద్వారములు తొమ్మిది. వింత యేమనగా, అచ్చటి పెద్ద చర్చి వెనుకభాగమే ఆ గోడలో నొక బురుజు! దేవుని కొలుచుటకును, శత్రువు నెదుర్కొనుటకును ఒకే కట్టడము. గోడపై కొంతదూరము నడువవచ్చును. చలిగాలికి మాత్రము ఉన్నిబట్ట వెంట నుంచుకొనవలెను.

నేనైతే ఆవిలాకే పోవుదును. ఈతయం దాసక్తిగల మీరు దీవినే కోరినచో తప్పుపట్టను. కాని అచ్చట ఫినీషియనుల నాటినుండి ఉప్పు పండించుచున్న మడులు కలవు. రాత్రియంతయు ఆడినవారు నిద్ర లేవకముందే పోయి చూడుడు.